పెదాల మధ్య కాగితం

తుమ్మెద పెదాల మధ్య నుంచి కాగితం ముక్క జారి జవాబు పత్రం మీద పడింది. అప్పటికి ఆ అమ్మాయి ఇంకా రెండో లెక్కలోనే ఉంది.

లెక్కల టీచరమ్మ కుర్చీలోంచి లేవలేదు. చేతిలో ఉన్న ఎర్ర పెన్నుకు మూత పెట్టి, మళ్ళీ తీసింది.

"పడిందా?"

"పడింది టీచర్."

"పడితే ఏమనుకున్నాం?"

"సున్నా."

"పట్రా."

ఆ పిల్ల పత్రం రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. పద్నాలుగేళ్ళుంటాయి. బిగించి బిగించి పెదాల చుట్టూ తెల్లటి గీత పడింది. పత్రం మీద వేలెడు పొడవు కాగితం ముక్క తడిసి, మెత్తబడి, అంటుకుపోయి ఉంది. టీచరమ్మ దాన్ని పెన్ను కొసతో పక్కకు నెట్టి సున్నా చుట్టింది. వెనక బెంచీల్లోంచి ఎవరో "ఝుమ్మ్..." అన్నారు. క్లాసు మొత్తం నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. వాళ్ళను ఆపనూ లేదు.

తుమ్మెద అని పేరు పెట్టింది ఆమే. లెక్క చేస్తుంటే ఆ పిల్ల పెదాలు ఆగవు. "పదిహేను నాలుగులు అరవై, అరవైలోంచి ఎనిమిది పోతే..." అంటూ గొణుగుతూనే ఉంటుంది. బడి తెరిచిన మొదటి వారంలో టీచరమ్మ "ఎక్కడిదర్రా ఈ తుమ్మెద?" అంది. అంతే, అసలు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయింది. కాగితం పద్ధతి మొదలై మూడు వారాలైంది. పరీక్ష రాసినంతసేపూ పెదాల మధ్య కాగితం ఉండాలి. నోరు తెరిస్తే అది పడుతుంది, అది పడితే సున్నా.

కోపంతో పెట్టిన పద్ధతి కాదని టీచరమ్మ నమ్మకం. కిందటేడు ఈ పిల్లకు ఎనభైకి తగ్గకుండా వచ్చాయి. ఈ ఏడు నోరు మూయించాక ముప్పై దాటలేదు. రెంటి మధ్యా మారింది నోరొక్కటే. నోరు మూయగానే లెక్క రాలేదంటే, ఇన్నాళ్ళూ ఆ నోటితో అడుగుతోందని, పక్కవాళ్ళు చెబుతున్నారని అర్థం. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఎన్ని రకాల కాపీలు పట్టుకుందో లెక్కలేదు.

విరామంలో టీచర్ల గదిలోకి అడుగు పెట్టీ పెట్టగానే కొత్త టీచరు ఎదురొచ్చింది. ఈ ఏడే చేరిన అమ్మాయి, భాష చెబుతుంది.

"మేడమ్, ఆ పిల్ల నోట్లో కాగితమేంటి?"

"నీ క్లాసు కిటికీలోంచి నా క్లాసు బాగానే కనబడుతుందే!"

"కనబడింది కాబట్టే అడుగుతున్నా."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆ పిల్లకి లేని బాధ నీకెందుకు?"

"బాధ లేదని మీకెవరు చెప్పారు? నోరు తెరిస్తే సున్నా కదా, ఎలా చెబుతుంది?"

డ్రిల్లు మాస్టారు టీ గ్లాసులోకి నవ్వాడు. టీచరమ్మ అతని వైపు ఒక్క చూపు చూసేసరికి గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్త టీచరు తన బల్ల సొరుగులోంచి అరకాగితాల కట్ట ఒకటి తీసింది. నెల కిందట పిల్లలందరి చేతా రాయించినవి. 'నాకు పాఠం ఎలా చదివితే వస్తుంది' అన్నది ప్రశ్న. కొన్నిటిని 'మా బలాలు' అని రాసి గోడకు అంటించింది కూడా. టీచరమ్మ పైనున్న కాగితం లాక్కుని అందరికీ వినిపించేలా చదివింది.

"'నేను నడుస్తూ చదివితే వస్తుంది.' బాగుంది. వీడికి పరీక్ష రోడ్డు మీద పెడతావా? 'నేను బొమ్మ గీసుకుంటే వస్తుంది.' గీసుకోమను. 'మా తమ్ముడికి చెబితే నాకు వస్తుంది.' ఓహో! తమ్ముడు లేనివాళ్ళ గతి?" కట్టను బల్ల మీద పడేసింది. "వెనకటికి చదువు రాకపోతే మొద్దు అనేవాళ్ళం. ఇప్పుడు దానికి బలం అని పేరు పెట్టారు. రాని ప్రతివాడికీ ఒక బలం!"

"అడుగునున్నది చదవండి."

"అదేమిటో నువ్వే చదువు."

కొత్త టీచరు చదివింది. "'నాకు నేను చెప్పుకుంటే వస్తుంది. నా గొంతు నాకు వినపడాలి. అప్పుడు అంకెలు ఎక్కడికీ పోవు.' ఇది తుమ్మెద రాసింది."

"చెప్పుకుంటుందో, చెప్పించుకుంటుందో! శనివారం ఎంపిక పరీక్ష. అరవై వస్తేనే వచ్చే ఏడు లెక్కల విభాగం. కాపీ కొట్టేవాళ్ళ పేరు ఆ జాబితాలో ఉండకూడదని హెడ్మాస్టరు గారికి రాసిస్తున్నా. నువ్వు గోడకి అంటించుకో, నేను ఫైల్లో పెట్టిస్తా."

"ఒక్కసారి ఆ పిల్లతో మాట్లాడండి మేడమ్."

"నోరు మూయించడానికే నా తల ప్రాణం తోకకొస్తోంది. మళ్ళీ మాట్లాడించడం కూడానా?"

ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసిచ్చింది. అక్షరం కొట్టివేత లేకుండా రాసింది. తల్లికి కూడా ఒక చీటీ పంపింది, ఇంట్లో కూడా పిల్ల నోరు అదుపులో పెట్టమని.

*

మంగళవారం తెల్లవారాక టీచరమ్మ స్నానం చేసి ముందు గదిలో దేవుడి అలమర దగ్గర నిలబడి ప్రార్థన మొదలుపెట్టింది. ఇరవై నాలుగు చరణాలు. పెళ్ళి కాకముందు తల్లి నేర్పింది. జ్వరం వచ్చినా, ప్రయాణంలో ఉన్నా ఒక్కరోజు మానలేదు.

"ఏమే, ఇవాళ కూడానా?" అని మంచం మీంచి అత్తగారు అంది. ఆవిడకు తుంటి విరిగి నెల దాటింది. మంచం ఆ గదిలోకి మార్చాల్సి వచ్చింది. రాత్రంతా నొప్పి. మందు పనిచేసి కన్ను మూత పడేది ఈ వేళకే.

"అయిపోతుంది అత్తయ్యా."

"నీ గొణుగుడికి చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. దేవుడికేమైనా చెవుడా? మనసులో చదువుకోరాదూ?"

టీచరమ్మకు చురుక్కుమంది. కానీ ఆవిడ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. దేవుడికి గొంతుతో పనేమిటి? పెదాలు మూసి మనసులో మొదలుపెట్టింది. అయిదో చరణం దాకా సాఫీగా సాగింది. ఆరు తరవాత తొమ్మిది వచ్చింది. కాదనుకుని వెనక్కి వెళ్ళింది. ఏడు అందలేదు. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ఎనిమిది దగ్గర పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, హెడ్మాస్టరు గది గుర్తొచ్చింది, తుమ్మెద తెల్లబడ్డ పెదాలు గుర్తొచ్చాయి. మూడోసారి నాలుగో చరణం దగ్గరే ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా నోట్లో నానుతున్న మాటలు, ఎవరివో అన్నట్టు, ఎక్కడివో అన్నట్టు అయిపోయాయి.

బస్సుకు వేళయింది. ప్రార్థన సగంలో వదిలి చెప్పులు వేసుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి. దారి పొడుగునా అత్తగారి మీద కోపం. బడి గేటు దాటేసరికి ఆ కోపం పిల్ల మీదకు మళ్ళింది.

పదకొండింటికి హెడ్మాస్టరు గదిలో విచారణ జరిగింది. టీచరమ్మే మూడు లెక్కలు రాసి తెచ్చింది. తుమ్మెదను మూల బల్ల దగ్గర గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. కాగితం ముక్క హెడ్మాస్టరు ముందు బాగుండదని, "పెదాలు కదిపావో!" అని మాత్రం అంది. పిల్ల అరగంట కూర్చుంది. రెండు తొట్లు, మూడు కొళాయిల లెక్క సగం చేసి, కొట్టేసి, మళ్ళీ సగం చేసింది. పెన్ను పట్టుకున్న చెయ్యి కంటే బల్ల కింద ఉన్న కాళ్ళు ఎక్కువ కదిలాయి.

టీచరమ్మ పత్రం తీసి హెడ్మాస్టరు ముందు పెట్టింది.

"పక్కన పురుగు లేదు సార్. ఒక్క లెక్కా రాలేదు. కిందటేడు ఎనభై రెండు ఎలా వచ్చాయో ఇక మీరే చెప్పండి."

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కొత్త టీచరు లోపలికి వచ్చింది.

"సార్, ఇప్పుడు ఇవే లెక్కలు నోరు తెరవనిచ్చి చేయించండి. పక్కన పురుగు లేదంటున్నారుగా, చెప్పేదెవరు?"

హెడ్మాస్టరు గడియారం చూశాడు. గంట కొట్టారు. "క్లాసులకి వెళ్ళండమ్మా. పరీక్ష హాల్లో నలభై మంది ఉంటారు. ఒక్కళ్ళ కోసం హాలు చేపల బజారు చెయ్యలేం కదా. శుక్రవారం సంతకం పెడతాను."

"సార్, సగం పరీక్షే చేశాం..."

"కొత్తగా చేరావు. పెద్దావిడ అనుభవం నీ వయసంత ఉంది."

టీచరమ్మ తల ఎగరేసి బయటికి నడిచింది. వరండా చివరిదాకా గెలిచినట్టే ఉంది. మెట్లు ఎక్కుతుంటే మాత్రం కొత్త టీచరు అడిగిన ప్రశ్న కాలికి ముల్లులా గుచ్చుకుంది. చెప్పేదెవరు? ఎంతైనా ఆమె లెక్కల మనిషి. ఒకవైపే చేసి చూసిన దాన్ని రుజువు అనరని పిల్లలకు ఏటా తనే చెబుతుంది.

*

బుధవారం సాయంత్రం నలభై పత్రాల కట్ట ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వెలుతురు ఉండగానే మొత్తాలు వేసెయ్యాలని. ఇంట్లో బల్ల ఉన్నది అత్తగారి గదిలోనే. ఆవిడ అప్పుడే కునుకు తీస్తోంది. టీచరమ్మ మొదటి పత్రం తిప్పి, మార్కుల గడి మీద పెన్ను పెట్టింది.

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ?"

"నేనేమీ అనలేదే!"

"అనలేదా? ఎనిమిదీ ఆరూ పద్నాలుగట, పద్నాలుగూ ఏడున్నర ఇరవై ఒకటిన్నరట. నా చెవిలో చెప్పినట్టుంది."

టీచరమ్మ పెన్ను ఆగిపోయింది. "నేను పైకి అన్నానా?"

"ఇవాళ కొత్తా ఏమిటి? కూర తరిగినా గొణుగుతావు, సూదిలో దారం ఎక్కించినా గొణుగుతావు. ఇంటికొచ్చిన కొత్తలో నన్నే తిడుతున్నావనుకుని మా వాడితో చెప్పాను కూడా. ఇన్నాళ్ళూ నీకు తెలియదూ?"

ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. టీచర్ల గదిలో తన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటుందో ఇప్పుడు లీలగా తోచింది.

అత్తగారు అటు తిరిగి పడుకుంది. టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. తరవాత చిత్తుకాగితం అంచు వేలెడు పొడవున చింపింది. తలుపు అవతల ఎవరూ లేరని తెలిసి కూడా అటు చూసింది. ముక్కను పెదాల మధ్య పెట్టుకుంది.

ఎనిమిది, ఆరు, ఏడున్నర, నాలుగు, తొమ్మిది, అయిదున్నర, పది. ఏడే అంకెలు. పై నుంచి కిందికి నలభై తొమ్మిది వచ్చింది. కింది నుంచి పైకి యాభైన్నర వచ్చింది. మూడోసారి నాలుగు దగ్గరికి వచ్చేసరికి వెనకటి మొత్తం ఎంతో జారిపోయింది. కాగితం నాలుకకు అంటుకుంటోంది. దవడలు లాగుతున్నాయి. అది పడిపోకుండా చూసుకోవడానికే సగం బుద్ధి సరిపోతోంది. మిగిలిన సగంతో ఏడు అంకెలు కూడలేకపోతోంది, ఇరవై ఏడేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి.

ముక్క తీసేసి, దుప్పటి కిందినుంచి వచ్చినంత సన్నగా గొణిగింది. యాభై. మొదటిసారికే వచ్చింది.

ఆ రోజు మిగిలిన పత్రాలు ముట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలన్నీ ఒకచోట పేర్చి, మళ్ళీ విడదీసింది. దేవుడు మనసులో మాట వినడని ఎప్పుడూ అనుకోలేదు. అయితే నిన్న పొద్దున్న ప్రార్థన ఎవరికి వినపడక ఆగిపోయింది? ఆయన చెవులకేం లోటు? వినపడాల్సింది తనకే. ఆ పిల్ల అరకాగితం మీద రాసింది ఇదేనా? ఒక పిల్లకి పద్నాలుగేళ్ళకే తెలిసిన సంగతి తనకు ఈ వయసుకి అత్తగారు చెబితే గానీ తెలియలేదు. తెలిశాక ముందుగా వచ్చింది సిగ్గు కాదు, ఆ పిల్ల మీద మరింత ఉక్రోషం. దాన్ని దిగమింగడానికి చాలాసేపు పట్టింది.

*

గురువారం బడి గేటు దగ్గర తుమ్మెద తల్లి నిలబడి ఉంది. ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. చీర కుచ్చెళ్ళకు రంగురంగుల దారప్పోగులు అంటుకున్నాయి. టీచరమ్మను చూడగానే చేతులు కట్టుకుంది.

గొడవకు వచ్చిందనుకుని టీచరమ్మ ముఖం గట్టిగా పెట్టుకుంది. "చెప్పండి."

"మీ చీటీ అందిందమ్మా. మీరు చెప్పినట్టే చేశాను."

"ఏం చేశారు?"

"నోరు మూయించాను. నేను మిషను తొక్కుతుంటే వెనకాల కూచుని లెక్కలు చెప్పుకునేది. నాకూ పొద్దుపోయేది, దానికీ చదువు సాగేది. మీరు రాశాక, పెదాలు కదిపితే చంపేస్తానన్నాను. అప్పట్నుంచీ లేదమ్మా. అస్సలు లేదు. మంచినీళ్ళు కావాలన్నా చేత్తో చూపిస్తోంది. నిన్న వాళ్ళ నాన్న పిలిస్తే కూడా తలే ఊపింది." ఆవిడ చీర మీది దారప్పోగు తీసి వేలికి చుట్టింది, విప్పింది. "మీకంటే మాకు తెలియదు. అడిగిపోదామని వచ్చాను. ఇక చాలా టీచర్, ఇంకా మూయించాలా?"

వెటకారమేమోనని టీచరమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. వద్దంటే మానేస్తుంది, ఇంకా కావాలంటే ఇంకా చేస్తుంది.

"చాలు," అంది టీచరమ్మ. ఇంకేదో అనాలనుకుంది. "చాలమ్మా. ఇంటికెళ్ళండి."

అక్కణ్ణుంచి తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

"సార్, నా ఫిర్యాదు వెనక్కి ఇవ్వండి."

హెడ్మాస్టరు నవ్వాడు. "మొన్న మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నారు. ఇవాళ నాలుగోది మొలిచిందా?"

"ఆ పిల్ల కాపీ కొట్టలేదు. పైకి చెప్పుకుంటే తప్ప లెక్క చెయ్యలేదు. అంతే."

"రుజువు?"

"నాకూ అంతే సార్. నిన్నటిదాకా తెలియదు."

"ఇది రుజువా? కొత్తమ్మాయి అరకాగితాలు మీకూ అంటుకున్నాయా ఏమిటి?" ఫైలు తెరిచి, మూసి, పక్కన పెట్టాడు. "సరే, పేరు ఉంచుతాను. హాల్లో మాత్రం కుదరదు. మ్యాపుల గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టండి. కాపలా మీరే ఉండాలి. రేపెవరైనా ఇదేమిటని అడిగితే జవాబు కూడా మీరే చెప్పాలి."

"నేనే చెబుతాను."

మెట్ల దగ్గర కొత్త టీచరు ఎదురైంది. టీచరమ్మ సంగతి చెప్పింది. ఆ అమ్మాయి సంతోషిస్తుందనుకుంది.

"మూడు వారాల తరవాత!" అని మాత్రం అని, ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

శనివారం పదింటికి మ్యాపుల గది తలుపు తీసేసరికి తుమ్మెద అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. చుట్టిన మ్యాపులు గోడకు ఆనించి ఉన్నాయి. కిటికీ ఒక్కటే. టీచరమ్మ ప్రశ్నపత్రం ఇవ్వబోయి ఆగిపోయింది. పిల్ల పెదాల మధ్య కాగితం ముక్క ఉంది. ఎవరూ చెప్పకుండానే చింపి పెట్టుకుంది. అంచు సమానంగా రావాలని మడిచి చింపినట్టుంది.

"తీసెయ్."

తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇవాళ అది అక్కర్లేదు. పైకి చెప్పుకో. ఎంత గట్టిగానైనా చెప్పుకో. నేనేమీ అనను. అర్థమైందా?"

తల ఊపింది. ప్రశ్నపత్రం అందుకుంది. పది లెక్కలు, రెండు గంటలు. టీచరమ్మ కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

పది నిమిషాలు గడిచాయి. గదిలో పెన్ను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెన్ను కొంచెం గీసి ఆగుతోంది, గీసింది కొట్టేస్తోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. పెదాలు మాత్రం బిగించే ఉన్నాయి, లోపల ఇంకా కాగితం ఉన్నట్టే.

"చెప్పుకోమన్నానా?"

తల ఊపింది. పెదాలు విడలేదు.

ఇరవై నిమిషాలు. టీచరమ్మ లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది, తన ముఖం కనబడకపోతే నయమేమోనని. వెనక నుంచి చప్పుడు లేదు. మనసులో అనుకుంటున్నాననుకుంది గానీ పైకే అనేసింది: "చెప్పుకోవే తల్లీ, టైమైపోతోంది!" ఆ మాట ఆమెకు తెలిసిన ఒకే ఒక్క గొంతుతో, క్లాసు గొంతుతో వచ్చింది. పిల్ల చేతిలోంచి పెన్ను జారి నేల మీద దొర్లింది.

టీచరమ్మ వంగి పెన్ను తీసింది. ఇస్తూ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె మోకాళ్ళకు అది తేలిక కాదు. పిల్ల ముఖం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఏమ్మా, ఎందుకు రావడం లేదు?"

చాలాసేపటికి పెదాలు కదిలాయి. గాలి తప్ప గొంతు లేదు.

"మీరుంటే రాదు."

టీచరమ్మ బల్ల పట్టుకుని లేచింది. గడియారం పది ముప్పై దాటింది. గది వదిలి పోకూడదు. కాపలా లేని పరీక్ష పరీక్ష కాదు. తలుపు బయట గొళ్ళెం పెట్టి, వరండాలో కొంగు నడుముకు దోపుకుంటూ పరుగెత్తింది. డ్రిల్లు మాస్టారు నోరు తెరిచి చూశాడు.

కొత్త టీచరు చిన్నపిల్లలకు పద్యం చెప్పిస్తోంది. టీచరమ్మ గుమ్మంలో రొప్పుతూ నిలబడింది.

"నువ్వు వెళ్ళు. మ్యాపుల గదిలోకి. నీ క్లాసు నేను చూస్తా."

"ఏమైంది?"

"నన్ను చూస్తే నోరు పెగలడం లేదు."

"ఎలా పెగులుతుంది? కుట్టేసింది మీరేగా."

ముప్పై మంది పిల్లలు వింటున్నారు. "అవును, నేనే. తిట్టేది తరవాత తిట్టు. పది ముప్పై అయిదైంది. వెళ్ళమ్మా."

కొత్త టీచరు సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది. పన్నెండు కొట్టేదాకా టీచరమ్మ ఆ క్లాసులోనే ఉంది. పద్యం తనకు రాదని ఒప్పుకుని పిల్లల చేతే చెప్పించుకుంది. మ్యాపుల గది వైపు వెళ్ళి తలుపుకు చెవి పెట్టాలని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ వెనక్కి తిరిగింది.

*

కొత్త టీచరు పత్రం తెచ్చి ఆమె ముందు పెట్టింది. "నేను వెళ్ళాక కూడా పావుగంట దాకా ఏమీ లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నాలో నేనే ఏదో పాడుకున్నాను. అప్పుడు మొదలుపెట్టింది. ఇక ఆగలేదు." చివరి మాట దగ్గర ఆ అమ్మాయి గొంతు కొంచెం మెత్తబడింది. మళ్ళీ వెంటనే బిగుసుకుంది. "చాలకపోతే ఎవరిది తప్పో మీకు తెలుసు."

టీచరమ్మ దిద్దింది. మొదటి లెక్క నాలుగుసార్లు మొదలై నాలుగుసార్లూ కొట్టివేసి ఉంది. కాగితం చిరిగేలా కొట్టేసింది. దానికి సున్నా. రెండు నుంచి ఆరు దాకా అయిదు లెక్కలు. ఎక్కడా ఎర్ర పెన్ను పెట్టడానికి చోటు లేదు. ఒక్కొక్కటీ పదికి పది. ఏడో లెక్క మూడొంతులు నడిచి ఆగిపోయింది. అప్పటికి గంట కొట్టి ఉంటారు. ఏడు మార్కులు. ఎనిమిది, తొమ్మిది, పది తెల్లగా ఉన్నాయి. మొత్తం యాభై ఏడు.

హెడ్మాస్టరు పత్రం ఇటూ అటూ తిప్పి చూశాడు.

"మూడు మార్కులేగా. ఏడో లెక్కకి పది వేసెయ్యండి, అరవై అయిపోతుంది. ఎవరడుగుతారు?"

"చెయ్యని లెక్కకి మార్కులెలా వేస్తాను సార్? రేపెవరైనా చూస్తే మళ్ళీ ఆ పిల్లనే దొంగంటారు."

"మరి తప్పినట్టే కదా. మీరే అడిగారు గది, ఇచ్చాను. ఇంకేం చెయ్యమంటారు?"

టీచరమ్మ మడిచి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. సగంలో ఆగి తలెత్తాడు.

"'కాపలా ఉన్న టీచరు కారణంగా పరీక్షలో మొదటి ముప్పై అయిదు నిమిషాలు వృథా అయ్యాయి.' కాపలా ఉన్నది మీరే కదండీ!"

"నేనే."

"'ఆ టీచరే మూడు వారాలుగా ఆ పిల్లను నోరు తెరవనివ్వలేదు. కాపీ కొట్టిందని తప్పుగా రాసిచ్చారు.'" కాగితం దించాడు. "ఇలా సంతకం పెట్టి ఇస్తే ఇది మీ సర్వీసు ఫైల్లోకి వెళుతుంది. రెండేళ్ళు ఆగితే మర్యాదగా దండ వేయించుకుని ఇంటికి వెళ్ళేవారు. ఎందుకొచ్చిన గొడవ? చించేస్తాను, తీసుకెళ్ళండి."

"ఆ పిల్ల మీద రాసిన కాగితం ఫైల్లో పెట్టారు సార్. దాని మీద ఇది పెట్టండి."

హెడ్మాస్టరు కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. బయట పిల్లలు ఇళ్ళకు వెళ్తున్న గోల.

"సోమవారం పొద్దున్న, అదే గదిలో, అదే పత్రం. ఒక అరగంట ఇద్దాం."

"ముప్పై అయిదు నిమిషాలు సార్."

"సరే, ముప్పై అయిదు. కానీ ఒక షరతు. మీరు ఆ గదిలోకి వెళ్ళకూడదు. ఆ వరండాలో కూడా కనబడకూడదు."

టీచరమ్మ అప్పటికే గుమ్మం దాకా వెళ్ళింది.

"మీరు చివరి లైను చదవలేదు సార్. అందులో అదే రాశాను," అంది.